ఈ ఏటి సినిమా ఏది?

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మనుషులకు లెక్కల పిచ్చి పట్టుకుంటుంది. ఇల్లాలు పాల లెక్క తీస్తుంది. ఇంటాయన అప్పుల లెక్క చూసి, చూడనట్టు నటిస్తాడు. మావంటి మేష్టర్లు పూర్తికాని పాఠాల లెక్క చూసుకుని నిట్టూరుస్తారు. ఇంతమందిలోనూ సంతోషంగా లెక్క వేసేవాడు సినిమా అభిమాని ఒక్కడే. "ఈ ఏడు ఏమేం చూసినం? అన్నిట్ల ఏది మంచిగున్నది?" అని నలుగురు కూడితే చాలు, చాయ్ చల్లారిపోతుంది గాని మాట చల్లారదు.

ప్రభుత్వాలిచ్చే బహుమతులున్నాయి, పత్రికలిచ్చేవి ఉన్నాయి, శాలువాలు కప్పి చేతికి బొమ్మలిచ్చే సంఘాలకైతే కొదవే లేదు. నేను చెప్పబోయేది వాటి సంగతి కాదు. బొమ్మా లేదు, శాలువా లేదు, పుచ్చుకునేవాడసలే లేడు. ఇచ్చేవాళ్లు మాత్రం దండిగా ఉన్నారు. అటువంటి బహుమతి ప్రదానం మా మంథనిలో 2021 నుంచి ఏటా ఒకటి జరుగుతున్నది.

మంథని అనగానే తెలిసినవారు గోదావరి అంటారు, వేదపండితులంటారు. మంత్రపురి అన్న పాతపేరు తలుస్తారు. రాజకీయాలు తెలిసినవారు పి.వి. నరసింహారావుగారు 1957 మొదలు వరుసగా నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన చోటు కదా అంటారు. అన్నీ నిజమే. అయితే వేదం చదివిన ఊళ్లో సినిమా చూడరనుకుంటే పొరపాటు. పొద్దున పన్నం వల్లించి మొదటి ఆటకు వెళ్లిన పెద్దలను గురించి మా ఊళ్లో ఎన్ని కథలున్నాయో ఇక్కడ రాస్తే, రేపు వారి మనుమలు నన్ను బజారులో నిలదీస్తారు.

మా బహుమతుల పుట్టుక చాలా సామాన్యమైనది. 2020లో కరోనా వచ్చి సినిమా హాళ్లు నెలల తరబడి మూతపడ్డాయి. మరుసటి ఏడు తెరుచుకున్నాక, సాయంత్రం పూట మా అరుగుమీద చేరే నలుగురూ, ఏడాది చివర "మళ్లీ సినిమా చూసినం గదా, ఏది గెలిచిందో తేల్చుదాం" అన్నారు. ఆ నలుగురిలో ఒకరు రిటైరయిన పోస్టుమాస్టరుగారు. చీటీలు, డబ్బాలు, లెక్కింపు అంటే ఆయనకు ప్రాణం. నేను కాలేజీనుంచి ఖాళీ సుద్దముక్కల పెట్టె తెచ్చాను. దాని మూతకు ఆయనే స్వహస్తాలతో కంత కోశారు.

నియమాలూ ఆయనవే. మనిషికొక చీటీ. సినిమా పేరు రాయాలి గాని హీరో పేరు రాయరాదు. ఆ సినిమా ఎందుకు నచ్చిందో కనీసం ఒక్క వాక్యం రాయాలి. కారణం లేని చీటీ చెల్లదు. పేరు రాయనక్కరలేదు. ఇంతే. మొదటి ఏడు పదకొండు చీటీలు పడ్డాయి. నా విద్యార్థులకు తెలిసింది, వాళ్ల ఇళ్లలో తెలిసింది, బట్టల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లకు తెలిసింది. ఇప్పుడు పెట్టె చాలక, పోస్టుమాస్టరుగారు బిస్కెట్ల డబ్బా ఒకటి దానికి తోడు చేశారు.

ఇదేదో మా ఊరివాళ్ల కొత్త ఊహ అని నేను అనను. చూసేవాడు చీటీ రాసి బహుమతి ఇవ్వడం ఈ దేశంలో చాలా పాత ముచ్చట. బొంబాయిలో ఫిల్మ్‌ఫేర్ పత్రిక బహుమతులు మొదలుపెట్టినప్పుడు, విజేతలను తేల్చింది పండితులు కారు, పాఠకులే. దేశం నలుమూలలనుంచీ వేలమంది తమ ఓటు పంపారు. 1954 మార్చి 21న బొంబాయి మెట్రో థియేటర్లో జరిగిన మొదటి సభలో ఇచ్చినవి ఐదే ఐదు బహుమతులు. ఉత్తమ చిత్రం బిమల్ రాయ్ తీసిన "దో బీఘా జమీన్". రెండు బీఘాల నేలకోసం కలకత్తా వీధుల్లో రిక్షా లాగిన రైతు కథ. పాటలూ నృత్యాలూ కావాలని జనం కోరుకుంటారని నిర్మాతలు ప్రమాణం చేసి చెప్పే కాలంలో, ఆ జనమే కూర్చుని ఓటు వేస్తే గెలిచింది అది! ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా జనం మీద నాకు గౌరవం పెరుగుతుంది. తెలుగు చిత్రాలకు ఆ పత్రిక బహుమతులు 1963 సంవత్సరంనుంచి మొదలయ్యాయి. మొదటిది "నర్తనశాల"కు వచ్చింది.

మా వైపు వారికి ఇంకొక సంబరం ఉండేది. అది రేడియో సిలోను. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు బినాకా గీత్‌మాలా వచ్చేది. 1952లో మొదలైన ఆ కార్యక్రమానికి అమీన్ సయానీగారి గొంతు ప్రాణం. ఆయన 2024 ఫిబ్రవరిలో కాలం చేశారు. ఏడాది చివర ఆ ఏటి పాటలన్నిటికీ వరస కట్టి, చివరిమెట్టునుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పైమెట్టుకు వచ్చేవారు. ఆ వరస కట్టడంలో రికార్డుల అమ్మకాలెంత ముఖ్యమో శ్రోతల సంఘాలు పంపే జాబులూ అంత ముఖ్యం. నైజాము రోజులనుంచి ఉర్దూ, హిందీ చెవికి అలవాటైన ప్రాంతం గనుక, మా పెద్దలు ఘంటసాలను, రఫీని ఒకే పీటమీద కూర్చోబెట్టారు. ఎవరు గొప్ప అని అడిగితే ఇప్పటికీ కోపం వస్తుంది వారికి.

పాటలు కోరుతూ ఉత్తరాలు రాయడంలో దేశమంతటా పేరు మోగిన ఊరు ఒకటుంది. దాని పేరు ఝుమ్రీ తలైయా. అప్పటి బీహారులో, ఇప్పటి జార్ఖండులో ఉన్న అభ్రకం గనుల ఊరు. అట్లాంటి ఊరు నిజంగా లేదనీ, రేడియోవాళ్లు కల్పించారనీ చాలామంది నమ్మేవారట. దాని సంగతి ఎత్తితే మా పోస్టుమాస్టరుగారు నవ్వుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చేతిమీదుగా వెళ్లిన కార్డుల్లో సగం మదరాసు సినిమా పత్రికలకూ, రేడియో కేంద్రాలకూ పోయేవేనట. "మేం ముద్ర కొట్టకుంటే ఏ హీరోయిన్ గెలుస్తుండె సారూ?" అంటారాయన. తపాలా శాఖకు కళాసేవ చేసిన గౌరవం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు పాపం.

సరే, చీటీల దగ్గరకు వద్దాం. మొదటి ఏడే ఒక పేచీ వచ్చింది. "ఈ ఏటి సినిమా" అంటే ఏమిటి?

మీరు నవ్వవచ్చు. ఈ ఏడు వచ్చింది ఈ ఏటి సినిమా, ఇందులో పేచీ ఏముంది అనవచ్చు. ప్రభుత్వానికైతే పేచీ లేదు. జాతీయ బహుమతులకు సెన్సారు సర్టిఫికెట్టు మీది తేదీ ప్రమాణం. జనవరి ఒకటికీ డిసెంబరు ముప్పై ఒకటికీ మధ్య ముద్ర పడితే ఈ ఏటిది, లేకుంటే కాదు. కాని మంథనిలో కూర్చుని చూసేవాడికి ఆ ముద్రతో ఏం పని?

మా పోస్టుమాస్టరుగారి చిన్నతనం సంగతి వినండి. ఆ రోజుల్లో ఒక సినిమాకు తీసే ప్రింట్లు చాలా తక్కువ. ఆ కొన్నీ మొదట హైదరాబాదు, వరంగల్లు వంటి పెద్ద ఊళ్లలో ఆడి, కలెక్షన్లు తగ్గాక కరీంనగరం వంటి ఊళ్లకు దిగి, అక్కడా ఆడి అలసిపోయి, చివరకు మావంటి సి సెంటర్లకు చేరేవి. మాది రైలులేని ఊరు. పెద్దపల్లిదాకా రైలు, అక్కడినుంచి బస్సు. రేకు పెట్టెల్లో రీళ్లు బస్సుమీద ఎక్కి వచ్చేవి. పిల్లలు బస్సు ఆగేచోట కాచుకుని కూర్చుని, పెట్టె దిగడం చూసి, ఊళ్లోకి పరుగెత్తి చాటింపు వేసేవారు. అప్పటికి ఆ ప్రింటు ఎంత ప్రయాణం చేసిందంటే, తెరమీద ఎండకాలం దృశ్యంలో కూడా వాన కురుస్తుండేది. అవన్నీ గీతలు. మధ్యలో కొంత భాగం తెగిపోయి, పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్ల మరుక్షణం పిల్లవాణ్ణి ఎత్తుకుని కనబడేది. కథ అడిగితే ప్రేక్షకులే పూరించి చెప్పేవారు.

"మాయాబజారు" 1957 నాటి చిత్రమని పుస్తకాలంటాయి. ఆయన లెక్కలో మాత్రం అది ఐదో తరగతి. నేలమీద కూర్చుని, ఇసుక కుప్ప చేసి దానిమీద ఎత్తుగా కూర్చుని చూశారట. ఆ ఏటి సినిమా అదే. సెన్సారువారు ఏమన్నా ఆయన ఒప్పుకోరు.

ఈ వాదం 2021లో మళ్లీ ఎందుకు లేచిందంటే, పెట్టెలో ఒక చీటీ "మాయాబజారు" అని పడింది. కారణం ఇలా రాసి ఉంది: "కరోనల ఇంట్ల కూసున్నప్పుడు మా నాయనమ్మతోని చూసిన. ఆమె ప్రతి మాట ముందే చెప్పింది." బట్టల దుకాణం కుర్రాడు అభ్యంతరం చెప్పాడు. "అరవై ఏండ్ల కింది సినిమా సార్, గిదెట్ల లెక్కకొస్తది?" అన్నాడు. మరొకడు, రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు కదా, మరి దాన్ని ఏ ఏటిదంటావు అన్నాడు. ఆ మాట వదిలేసినా, ఈ మధ్య పాత సినిమాలను మళ్లీ వేస్తున్నారు. 2022లో "పోకిరి", "ఖుషి" అలాగే వచ్చాయి. అవి తొలిసారి విడుదలైనప్పుడు ఇంకా పుట్టని పిల్లలు వాటికి ఈలలు వేసి వచ్చారు. వాళ్లకు అవి ఏ ఏటివి?

చాలాసేపు వాదించుకున్నాక పోస్టుమాస్టరుగారు తీర్పు చెప్పారు. ఉత్తరం రాసిన తేదీ ఒకటి, చేరిన తేదీ ఒకటి. రాసినవాడి లెక్క రాసినవాడిది. ముట్టినవాడికి ముట్టిన రోజే లెక్క. కాబట్టి చూసినవాడు ఈ ఏడు చూస్తే అది ఈ ఏటి సినిమా. ముప్పై ఎనిమిదేళ్లు ముద్రలు కొట్టిన చెయ్యి కదా, ఆ తీర్పును ఎవరూ కాదనలేకపోయారు.

రెండో పేచీ హీరోల అభిమానులది. ఇది ఊహించిందే. 2022లో ఒకే హీరో సినిమాకు ఒకే రంగు సిరాతో, ఒకే దస్తూరీతో పంతొమ్మిది చీటీలు పడ్డాయి. అన్నిటిమీదా కారణం ఒకటే: "సూపర్." పోస్టుమాస్టరుగారు వాటిని దారం కట్టి పక్కన పెట్టి, "ఇది ఒక చీటీ" అన్నారు.

ఓట్ల బలం ఏమిటో నాకు తెలియక కాదు. 2013లో భారతీయ చలనచిత్రాలకు నూరేళ్లు నిండిన సందర్భంలో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. టెలివిజన్ వారు వంద చిత్రాల జాబితా ఇచ్చి, అన్నిటిలో గొప్పది ఏదని జనాన్ని అడిగితే, మన "మాయాబజారు" మొదటి స్థానంలో నిలిచింది. తెలుగువాళ్లం పట్టుబట్టి ఓట్లు గుప్పించామని గిట్టనివాళ్లు గొణిగారు. గుప్పించే ఉంటాం! గుప్పించదగిన చిత్రమే కదా. అదే వందలో "మా భూమి" కూడా ఉంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావుగారు నిర్మించిన ఆ చిత్రం 1980లో విడుదలై, హైదరాబాదులో ఉదయం ఆటలుగా ఏడాదిపాటు ఆడింది. దానికి అన్ని ఓట్లు పడలేదు. కాని మా జిల్లాల్లో దాని కథ చెప్పమంటే, సినిమా కథ ఎక్కడ ఆగుతుందో, సొంత తాత కథ ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఓటు లెక్కకు అందని సంగతి అది. అందుకే మా పెట్టెలో కారణం రాయమన్నది.

కారణాలు చదవడంలోనే ఉన్నది అసలు రుచి. ఏది గెలిచిందో మరుసటి వారానికి మాకే గుర్తుండదు. కారణాలు మాత్రం ఉంటాయి. "బస్సుల ఏడ్సిన, పక్కకున్నామె తన కొంగు ఇచ్చింది." "హాలుల ఏసీ మంచిగున్నది." (పోస్టుమాస్టరుగారు దీన్నీ చెల్లుబాటు చేశారు. చల్లదనం కారణం కాదని నియమం లేదు.) "ఇంటర్వెల్ల లేసి వచ్చినం, అప్పటిదాక మంచిగనే ఉన్నది." ఇరవై ఏళ్లుగా సాహిత్య విమర్శ బోధిస్తున్నాను. ఇంత క్లుప్తంగా, ఇంత న్యాయంగా రాసిన సమీక్షలు తక్కువ చూశాను.

2023 డిసెంబరులో మాత్రం చీటీలు చదవడం మాకు సులువు కాలేదు.

ఆ ఏడు మార్చి 3న "బలగం" విడుదలయింది. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రం. ఊళ్లో కొమురయ్య అనే ముసలాయన పోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. మూడోనాడు ముట్టదు, ఐదోనాడు ముట్టదు. ఎప్పుడో ఇరవై ఏళ్లనాడు విందులో నల్లిబొక్క కాడ మాట పట్టింపు వచ్చి, అల్లుడు అత్తగారింటి గడప తొక్కడం మానేశాడు. ఆడబిడ్డ పుట్టింటికి రాదు. ముసలాయన మనసులో ఆ ముల్లు ఉండగా కాకి ఎట్లా ముడుతుంది? చివర బుడగజంగాల పాట వస్తుంది. పాడినవారు సినిమావాళ్లు కారు, వరంగల్లు జిల్లాకు చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు.

విడుదలైన మూడు వారాలకే, మార్చి 24న, ఆ చిత్రం ఓటీటీలోకి వచ్చింది. మా పోస్టుమాస్టరుగారి కాలంలో పెట్టె మంథని చేరడానికి ఏడాది పట్టేది. ఇప్పుడు మూడు వారాల్లో ఇంట్లోకి వచ్చింది. అయినా జనం ఏం చేశారో చూడండి. ఇంట్లో ఉన్నదాన్ని మళ్లీ బయటికి తెచ్చారు! ఆ ఏప్రిల్‌లో తెలంగాణ పల్లెల్లో ఎక్కడ చూసినా పంచాయతీ ముందరో, బడి ఆవరణలోనో తెర కట్టి, ఊరంతా కూర్చుని చూశారు. ఇట్లా ఉచితంగా వేయడం చట్టవిరుద్ధమని చిత్ర నిర్మాణ సంస్థవారు పోలీసులకు ఫిర్యాదు కూడా ఇచ్చారు. వారి నష్టం వారిది, తప్పు పట్టలేం. కాని ఎవరి చేతిలో వారికి తెర ఉన్న కాలంలో, ఊరు మొత్తం ఒక తెర ముందు నేలమీద కూర్చోవాలని ఎందుకు అనుకున్నది? ఆ కథను ఒంటరిగా చూస్తే పని జరగదు గనుక. ఎవరితో మాటలు లేవో వాళ్లు కూడా అక్కడ కూర్చుని ఉండాలి. ఆ సినిమా చూశాక విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో వార్తలు వచ్చింది అందుకే.

మా పెట్టెలో ఆ ఏడు సగానికి మించి "బలగం" చీటీలే. అందులో ఒకటి నా విద్యార్థిది కాబోలు, డిగ్రీ రెండో ఏటి దస్తూరీ. ఇలా ఉంది: "మా బాపుకు మేనత్తకు ఎనిమిది ఏండ్ల సంది మాటల్లేవు. బడికాడ సినిమ ఏసిన్నాడు ఇద్దరు వచ్చిన్రు. అయిపోయినంక బాపు ఆమె దగ్గరికి పోయిండు. ఏం మాట్లాడలే. ఆమె చెప్పులు దొరుకుతలెవ్వు, టార్చి కొట్టి దేవులాడిండు."

పోస్టుమాస్టరుగారు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. ఆ తరువాత బట్టల దుకాణం కుర్రాడు నెమ్మదిగా ఒక సందేహం లేవనెత్తాడు. టికెట్టు కొనకుండా, అనుమతి లేకుండా వేసిన ఆట చూసి రాసిన చీటీ లెక్కలోకి వస్తుందా అని. వాడు కొంటెగా అడగలేదు. వాడు టికెట్టు కొని రెండుసార్లు చూసినవాడు. న్యాయమైన ప్రశ్నే. సినిమా తీసినవాడి కష్టానికి పైసా ముట్టకుండా మనం బహుమతి ఇస్తే అది ఏపాటి బహుమతి? దీనిమీద ఆ రాత్రి పదిగంటలదాకా వాదం నడిచింది. మా ఆవిడ రెండుసార్లు చాయ్ ఇచ్చి, మూడోసారి ఇవ్వనని తేల్చి చెప్పింది. చివరకు, చీటీ చెల్లుతుందనీ, అలా చూసినవాళ్లంతా ఆ దర్శకుడి తరువాతి చిత్రానికి టికెట్టు కొని వెళ్లి బాకీ తీర్చాలనీ నిర్ణయమైంది. బాకీదార్ల జాబితా పోస్టుమాస్టరుగారి దగ్గర భద్రంగా ఉంది.

సర్కారువారూ తరువాత మా మాటే అన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1964 సంవత్సరం చిత్రాలతో మొదలైన నంది బహుమతులు, తొలిసారి "డాక్టర్ చక్రవర్తి"కి ఇచ్చినవి, 2016 సంవత్సరం చిత్రాలతో ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట బహుమతులు పెట్టి, నడుమ ఆగిన ఏళ్లకూ కలిపి ప్రకటించింది. 2023కు ఉత్తమ చిత్రం "బలగం". ఆ పాటల రచయిత కాసర్ల శ్యామ్‌కు జాతీయ బహుమతీ వచ్చింది. బహుమతులకు గద్దర్ పేరు పెట్టడంలో ఒక చమత్కారం ఉంది, గమనించారా? 1995 నాటి "ఒరేయ్ రిక్షా" చిత్రంలో ఆయన రాసిన పాటకు నంది ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. బహుమతి వద్దన్న మనిషి పేరే బహుమతికి వచ్చింది! 2023 ఆగస్టులో కన్నుమూసిన ఆయన ఉండి ఉంటే ఏమనేవారో గాని, ఒక పాట మాత్రం కట్టి ఉండేవారు.

2024 సంవత్సరానికి సర్కారువారి ఉత్తమ చిత్రం "కల్కి 2898 ఎ.డి." దానిమీద నాకేమీ పేచీ లేదు. మా పెట్టెలోనూ దానికి చాలా చీటీలు పడ్డాయి, పిల్లలవి. గెలిచింది కూడా అదే. కాని నేను దాచుకున్న చీటీ దానిది కాదు. "35 చిన్న కథ కాదు" అని ఒక చిత్రం 2024 సెప్టెంబరులో వచ్చింది. పదో తరగతి తప్పిన ఒక తల్లి, లెక్కల్లో వెనకబడ్డ కొడుక్కు ముప్పై అయిదు మార్కులు తెప్పించడానికి తాను లెక్కలు నేర్చుకుంటుంది. ఆ తల్లిగా నటించిన నివేదా థామస్‌కు గద్దర్ బహుమతి వచ్చింది.

మా వీధిలో ఒకామె ఉంది. వయసులో నాకంటె చిన్న, వరసకు చెల్లెలు. నాలుగేళ్లుగా మా అరుగుమీద ఈ చీటీల సంబరం జరుగుతుంటే గుమ్మంలో నిలబడి నవ్వుతూ చూసేది. "నువ్వు కూడ రాయరాదమ్మా" అంటే, "నాకేం దెలుస్తది అన్నా" అనేది. ఆ ఏడు మా ఆవిడ చేతికి మడత చీటీ ఇచ్చి వెళ్లిపోయింది. అక్షరాలు పెద్దవి, ఒక్కొక్కటే ఒత్తి రాసినవి. "35. నేను గుడ లెక్కలనే పోయిన. ఎవ్వలకు చెప్పలే." పేరు రాయలేదు, రాయనక్కరలేదు కూడా. ఆమె భర్త ఆ రాత్రి చీటీలు లెక్కపెట్టేవారిలో ఒకడు. ఆయన వంతుగా ఆ చీటీ ఆయన చేతికే వచ్చింది. గట్టిగా చదివాడు. "ఎవరిదో గాని పాపం" అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను పెట్టెలోకి చూశాను. ఆ చీటీ ఇప్పుడు నా నిఘంటువులో ఉంది.

ఇటువంటివి ఏ జ్యూరీ ముందుకు వెళతాయి చెప్పండి? జ్యూరీవారు నటన చూస్తారు, ఛాయాగ్రహణం చూస్తారు, సంగీతం చూస్తారు. వారి పని వారిది. అది చిన్న పని కాదు. ఒక సినిమా హాలులోంచి బయటికి వచ్చి, బస్సెక్కి, ఇంటికి చేరి, ఏడాది చివరదాకా మనిషి లోపల ఏం చేస్తూ కూర్చున్నదో రాసి ఇచ్చేవాడు మాత్రం చూసినవాడొక్కడే. వాడు రాయకపోతే ఆ సంగతి ఎక్కడా నమోదు కాదు.

పాఠకులలో ఎవరికైనా ఈ సరదా నచ్చితే మీ ఊళ్లోనూ పెట్టుకోండి. ఖర్చేమీ లేదు. సుద్దముక్కల పెట్టె ఏ బడిలోనైనా దొరుకుతుంది. కాకపోతే మీకు పోస్టుమాస్టరు ఒకరు కావాలి, అది కష్టం. మా వాట్సాప్ పిల్లలు, ఫోనులోనే ఓట్లు వేసుకుంటే నిమిషంలో తేలిపోతుంది కదా సార్ అంటారు. నిమిషంలో తేలడం మాకక్కరలేదు. ఫోనులో బొటనవేలితో నొక్కినవాడు కారణం రాయడు. కాగితం ముందు పెట్టుకుని కలం పట్టుకున్నవాడు ఒక్క నిమిషమైనా ఆగి, నాకు ఎందుకు నచ్చింది అని తనను తాను అడుగుతాడు.

మొన్నటి లెక్కింపులో చిట్టచివర డబ్బా అడుగున ఒక చీటీ దొరికింది. అందులో సినిమా పేరే లేదు. "ఈ ఏడు ఒక్క సినిమ చూడలే. బాపు దవఖానల ఉండె. వచ్చే ఏడు రెండు రాస్త" అని ఉంది. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సినిమా లేదు గనుక చెల్లదన్నాడొకడు. కారణం ఉంది కదా అన్నాడు మరొకడు. పోస్టుమాస్టరుగారు దాన్ని ఏ కట్టలోనూ కలపలేదు. మళ్లీ మడతపెట్టి, ఖాళీ సుద్దముక్కల పెట్టెలోనే వేసి, మూతపెట్టి నా చేతికిచ్చారు. "వచ్చే ఏటిది, ముందుగ ముట్టింది" అన్నారు.